ఉట్టి మీది మొక్క

(ఏప్రిల్ మొదటి ఆదివారం ఉదయం, హైదరాబాదులోని ఒక కాలనీ గ్రంథాలయంలో వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఎండ ఎక్కకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. కొందరు కుండీలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాటిని చివర్లో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ బల్ల మీద రెండు మనీప్లాంట్లు పెట్టాను. మన కాలనీలోనే రెండు ఇళ్ల నుంచి తెచ్చినవి. వెనక వరుసలవారికి కూడా కనిపిస్తున్నాయి కదా? రెండింటి ఆకులూ ఒకేలా వాలిపోయాయి, కాడలు మెత్తబడ్డాయి. చూడగానే ఎవరికైనా "అయ్యో, నీళ్లు లేవు" అనే అనిపిస్తుంది. నిజానికి రెండిళ్లలోనూ రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నారు. అయినా ఒకటి దప్పికతో ఎండిపోతోంది, రెండోది నీళ్లలో మునిగి చస్తోంది. ఏది ఏదో ఆకును చూసి చెప్పమంటే, ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నేను కూడా చెప్పలేను. కాసేపట్లో రెండింటినీ మీ ముందే కుండీల్లోంచి తీస్తాను.

ముందు ఒక పెద్దామె సంగతి చెప్పాలి. మా పక్క వీధిలో ఉంటుంది, డెబ్బై ఏళ్లు దాటాయి. కోనసీమలో కాలవ పక్కన ఇల్లు. పెరట్లో బీరపాదు, చిక్కుడు పందిరి, కనకాంబరాలు, గోడంతా అల్లుకున్న సన్నజాజి. మూడేళ్ల కిందట కూతురు ఇక్కడికి తీసుకొచ్చింది. ఏడో అంతస్తు. బాల్కనీలో పన్నెండు కుండీలు పెట్టుకుంటే పదకొండు పోయాయి. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు అంది: "నా హస్తవాసి పోయిందమ్మా. ఊళ్లో ఏ కొమ్మ గుచ్చినా బతికేది. ఇక్కడికి వచ్చాక ఈ చెయ్యి చెడిపోయింది." ఆ మాట అంటూ అరచేతిని తిప్పి చూసుకుంది. ఆ చూపు నన్ను వదల్లేదు. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆమె కోసమే. ఆమె కూడా ఇక్కడే ఉన్నారు.

అమ్మా, మీ చెయ్యి చెడలేదు. ఊళ్లో మీరు చేసిన పనిలో సగానికి పైగా నేల చేసేది. మీరు బిందెడు నీళ్లు ఎక్కువ పోస్తే నేల కిందికి దింపేసుకునేది. నాలుగు రోజులు మరిచిపోతే వేరు ఇంకో మూర లోతుకి దిగి తడి వెతుక్కునేది. వానపాములు మట్టిని గుల్ల చేసేవి. మధ్యాహ్నం ఎండకు పైమట్టి కాలిపోయినా జానెడు కింద చల్లగానే ఉండేది. ఇక్కడ ఆ వేరును మనం జానెడు కుండీలో పెట్టాం. ఎటు తిరిగినా గోడే. నేల చేసే పనులన్నీ ఇప్పుడు మన మీద పడ్డాయి, ఆ పనులు ఏమిటో మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. ఇంటి మొక్కల విషయంలో చాలామందికి అందని ముక్క ఇదే. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. కొన్నింట్లో నీళ్లు, కొన్నింట్లో గాలి. ఆ గాలిలోని ఆక్సిజన్ అందితేనే వేరు నీళ్లను పైకి పంపగలదు. సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేరుకు ఊపిరాడదు, పని ఆగుతుంది, కుళ్లు తెగులు శిలీంధ్రాలు పట్టుకుంటాయి. వేరు పని ఆగిన మొక్కకు చుట్టూ నీళ్లున్నా ఒక్క చుక్క అందదు. కాబట్టి ఆకు వాలిపోతుంది. ఆకు వాలింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. ఇళ్లలో మొక్కలు చనిపోయేది ఎక్కువగా ఇలాగే. మరిచిపోయి చంపేవారికంటే ప్రేమతో ముంచేసేవారే ఎక్కువ.

ఇప్పుడు మొదటి కుండీ తీద్దాం. ఇలా అంచులు రెండు వైపులా తట్టి, కాడ మొదలు చేతివేళ్ల మధ్య పట్టుకుని బోర్లించాలి. చూడండి, చుట్టూ ఉన్న కొబ్బరిపొట్టు తడిగానే ఉంది, పిండితే నీళ్లు కారుతున్నాయి. మధ్యలో ఈ ఉండను చూడండి. నిమ్మకాయంత బంకమట్టి ముద్ద. నర్సరీలో కొమ్మ నాటినప్పటి ముద్ద ఇది. ఇంటికి తెచ్చాక ఆ ముద్దతోనే కుండీలో దించి, చుట్టూ మెత్తటి పొట్టు నింపారు. ముద్దను విరుస్తున్నాను... ఆ చప్పుడు విన్నారా? లోపల ఇటుకలాగా ఎండి ఉంది. వేళ్లన్నీ ఈ ముద్దలోనే ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. ఎండిన బంకమట్టి నీళ్లను తొందరగా పీల్చదు. రోజూ పోసిన నీళ్లు పక్కనున్న పొట్టులోంచి జారి అడుగు చిల్లులోంచి వెళ్లిపోయాయి. నీళ్ల నడుమ దాహం అంటే ఇదే.

కడియం, కడియపులంక వైపు వెళ్లినవారు చూసే ఉంటారు. గోదావరి కాలువల పక్కన కిలోమీటర్ల పొడవునా నర్సరీలు. దేశం నలుమూలలకూ అక్కడి నుంచే లారీలు వెళతాయి. ఆ రైతుల పనితనం అంటే నాకు ఎంతో గౌరవం. దారిలో వేళ్లు చెదరకుండా మట్టి గట్టిగా ఉండాలి, ఆ ముద్ద ప్రయాణం కోసం కట్టినది. ప్రయాణం అయ్యాక దాని పని అయిపోయింది. కొత్త మొక్క తెచ్చిన రెండు వారాలకు, ముద్దను బకెట్టు నీళ్లలో నానబెట్టి, బయటి మట్టిని చేతివేళ్లతో మెల్లగా వదిలించి, అప్పుడు కొత్త మట్టిలో పెట్టండి. ఎండాకాలంలో మాత్రం ఈ పని చేయకండి. తొలకరి పడ్డాక చేయండి.

ఇక రెండోది. వాసన ముందు వరుసకు తగిలే ఉంటుంది, మురుగు కాలువ వాసన. ఈ వేరును రెండు వేళ్లతో లాగుతున్నాను. పైతోలు ఊడి నా చేతికి వచ్చేసింది, లోపల దారం ఒక్కటి మిగిలింది. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది, ఇలా రాదు. ఈ కుండీకి అడుగున చిల్లు ఉంది, చిల్లు కింద పళ్లెం ఉంది, పళ్లెంలో ఎప్పుడూ నీళ్లు ఉన్నాయి. అడుగున రెండంగుళాల గులకరాళ్లు కూడా వేశారు, నీళ్లు బాగా దిగుతాయని. ఈ గులకరాళ్ల మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, అది సరైనది కాదు. మెత్తటి మట్టి పూర్తిగా నానిపోతే తప్ప నీళ్లు రాళ్లలోకి దిగవు. అంటే రాళ్లు వేసినంత మేరా బురద పొర పైకి జరిగి, వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

నమ్మకం కలగాలంటే మీ వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి చాలు. పూర్తిగా తడిపి, పడుకోబెట్టినట్టుగా పట్టుకోండి. కారడం ఆగేదాకా ఆగండి. ఇప్పుడు నిలువుగా తిప్పండి. చూశారా, మళ్లీ నీళ్లు కారాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, ఎత్తు మారింది. ప్రతి కుండీ అడుగున నీళ్లు దిగకుండా నిలిచే పొర ఒకటి ఉంటుంది. కుండీ లోతుగా ఉంటే ఆ పొర వేళ్లకు దూరంగా ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలాంటి కుండీల్లో మొక్కలు తొందరగా కుళ్లేది అందుకే. మట్టి గుల్లగా ఉంటే ఆ పొర కూడా పలచబడుతుంది. నేను ఎర్రమట్టి ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, అందులో రెండు గుప్పిళ్లు వడ్ల ఊక కలుపుతాను.

మరి నీళ్లు ఎప్పుడు పోయాలి? రోజూనా, రెండు రోజులకోసారా అని అందరూ అడుగుతారు. క్యాలెండరు చూసి పోసే నీళ్లే మొక్కను చంపుతాయి. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. లోపల పొడిగా తగిలితే పోయండి, చల్లగా తడిగా తగిలితే మానండి. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా నిండుగా పోసి, పావుగంట తరువాత పళ్లెంలో నీళ్లు పారబోయండి. రోజూ గుక్కెడు గుక్కెడు పోస్తే పైన అంగుళం తడుస్తుంది, కింది వేళ్లు ఎండిపోతాయి. తాగునీటి శుద్ధి యంత్రం నుంచి బయటికి వదిలే నీళ్లు పోయకండి, అందులో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి. మన బోరు నీళ్లలోనే అవి ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కట్టేది ఆ ఉప్పే.

వెలుతురు గురించి ఒక్క మాట. ఈ విషయంలో మన కన్నును నమ్మలేం. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుగు సుమారు 1,00,000 లక్సులు ఉంటుంది. ట్యూబులైటు వేసిన గదిలో నూటికీ మూడు వందలకూ మధ్య. అంత తేడా ఉన్నా మన కంటిపాప సర్దుకుంటుంది, గది వెలుతురుగానే ఉంది అనిపిస్తుంది. ఆకుకు ఆ సర్దుబాటు లేదు. వెలుతురు దానికి అన్నం. ఉదయం పదకొండింటికి మొక్క పెట్టదలచిన చోట తెల్లకాగితం పరిచి, జానెడు ఎత్తులో చెయ్యి పెట్టండి. వేళ్లు విడివిడిగా నీడ పడితే మంచి వెలుతురు. నీడ మసకగా పడితే మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు బతుకుతాయి. నీడే పడకపోతే అక్కడ మొక్క బతకదు, ఒక దేవుడి పటం పెట్టుకోండి. తక్కువ వెలుతురులో ఉన్న మొక్క నీళ్లు కూడా తక్కువే తాగుతుందని గుర్తుంచుకోండి.

ఇక వేలాడే బుట్టలు. నన్ను పిలిచినవారు వీటి గురించే ఎక్కువ అడిగారు. నేను వీటిని ఉట్టి అనే అంటాను. మా అమ్మమ్మగారి ఇంట్లో దూలానికి ఉట్టి ఉండేది, పాలకుండ పిల్లికీ చీమకూ అందకుండా. ఉట్టి మీది పాలు పిల్లికి అందనట్టే, ఉట్టి మీది మొక్కకు నేల అందదు. నేల మీది కుండీకి కనీసం అడుగున చల్లటి గచ్చు ఉంటుంది, పక్క కుండీ నీడ ఉంటుంది. ఉట్టికి అవేవీ లేవు. పైన ఎండ, కింద వేడిగాలి, చుట్టూ గాలి. ఏడో అంతస్తులో ఆ గాలి ఇంకా ఎక్కువ. మట్టి చూస్తే రెండు మూడు కిలోలు.

కిందటి మే నెలలో నా ఎనిమిదంగుళాల బుట్ట ఒకదాన్ని వంటింటి తక్కెడకు తగిలించాను. ఉదయం ఆరింటికి నీళ్లు పోసి తూచాను, సాయంత్రం ఆరింటికి మళ్లీ తూచాను. అరకిలో తగ్గింది. పన్నెండు గంటల్లో అరలీటరు నీళ్లు గాలిలో కలిసిపోయాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లు పగిలే ఎండలో దోసెడు మట్టి ఏం తట్టుకుంటుంది?

అందుకని ఉట్టికి వేలు గుచ్చే పరీక్ష కూడా చాలదు. కింద చెయ్యి పెట్టి ఎత్తి చూడండి. పది రోజులు ఎత్తి చూస్తే తడి బరువు ఎంతో, పొడి బరువు ఎంతో మీ చేతికే తెలిసిపోతుంది. మా ఇంట్లో మనవరాలికి ఏడేళ్లు, ఎత్తి చూసి "అమ్మమ్మా, దీనికి రేపటిదాకా చాలు" అంటుంది, అది తప్పు కాదు. హస్తవాసి అనేది ఏదైనా ఉంటే ఆ చేతిలో ఉంది.

బాగా ఎండిన కొబ్బరిపొట్టు ముడుచుకుని బుట్ట అంచు నుంచి విడిపోతుంది. అప్పుడు పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా ఆ సందులోంచి కారిపోతాయి. కింద గచ్చు తడిసింది కదా అని మనం తృప్తి పడతాం. అటువంటప్పుడు బుట్టను కొక్కెం నుంచి దింపి, బకెట్టు నీళ్లలో అంచుదాకా ముంచండి. బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, నీళ్లు వాడ్చి, మళ్లీ తగిలించండి. ఎండాకాలంలో వారానికోసారి ఇది చేయండి. తీగ చట్రానికి కొబ్బరి పీచు పరిచిన బుట్టలు అందంగా ఉంటాయి కానీ, అన్ని వైపులనుంచీ తేమ పోతుంది. చలి దేశాల్లో సరిపోయే పద్ధతి అది. మీ దగ్గర అవి ఉంటే పీచు లోపలివైపు ఒక పాలిథీన్ పట్టా పరిచి, అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా, మృగశిర కార్తె వచ్చేదాకా, ఉట్లన్నీ కిందికి దింపి, కుండీల మధ్య గుంపుగా పెట్టేయండి. అందం తగ్గుతుంది, ప్రాణం నిలుస్తుంది. నేను నిన్ననే దింపాను.

ఉట్టిలో ఏ మొక్క అన్నదీ ముఖ్యమే. ఎండ పడే బాల్కనీకి గడ్డి గులాబీ మంచిది, ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది. నీడకు మనీప్లాంటు, స్పైడర్ ప్లాంటు. పెటూనియా మన దగ్గర చలికాలపు పువ్వు. మార్చి చివరికి వాడిపోతుంది. దాని కాలం తీరింది, మీ తప్పు ఏమీ లేదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది బాధపడతారో!

ఫెర్నుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. లండన్‌లో నథానియల్ వార్డ్ అని ఒక వైద్యుడు ఉండేవాడు. ఫెర్నులంటే ప్రాణం. ఇంటి చుట్టూ ఫ్యాక్టరీల బొగ్గు పొగ, పెంచినవన్నీ చచ్చిపోయేవి. 1829లో ఒక రెక్కల పురుగు గూడు నుంచి ఎలా బయటికి వస్తుందో చూద్దామని, దాన్ని తడి మట్టితో గాజు సీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతి అటుంచి, ఆ మట్టిలోంచి ఒక చిన్న ఫెర్న్, ఒక గడ్డి మొలక లేచాయి. పగటి వేడికి మట్టిలోని తేమ లేచి గాజు మీద చేరేది, మళ్లీ మట్టిలోకి దిగేది. పైనుంచి చుక్క నీళ్లు పోయకుండానే కొన్నేళ్లు బతికాయి. ఆయన చేతిలో అంతకుముందు చచ్చిన ఫెర్నే, గాలి మారేసరికి బతికింది. 1833లో అటువంటి గాజు పెట్టెల్లో మొక్కలను ఓడమీద సిడ్నీకి పంపాడు, అవి క్షేమంగా చేరాయి. ఆ పెట్టెల్లోనే ఆ తరువాత రాబర్ట్ ఫార్చ్యూన్ అనే మొక్కల సేకర్త చైనా నుంచి వేల తేయాకు మొక్కలను హిమాలయ ప్రాంతపు తోటలకు చేర్చాడు. మనం పొద్దున తాగిన టీ వెనక ఆ సీసా ఉంది.

మన సంగతికి వస్తే, ఫెర్న్ తేమ గాలి మొక్క. విశాఖలో, కాకినాడలో సముద్రపు గాలికి హాయిగా పెరుగుతుంది. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం గాలి ఎండు రొట్టెలా ఉంటుంది. మట్టి తడిగా ఉన్నా ఆకు కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఏసీ గదిలోనూ అంతే. బుడ్డితో నీళ్లు చిమ్మితే ఆ తేమ కాసేపే నిలుస్తుంది. స్నానాల గదిలో కిటికీ ఉంటే ఫెర్న్‌ను అక్కడ పెట్టండి. లేకపోతే పెద్ద గాజు సీసాలో చిన్న ఫెర్న్ పెంచండి, వార్డ్ లాగే.

చీటీలు వచ్చాయి, చూస్తాను.

"ఇంటి మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని నాసా చెప్పింది కదా?" 1989లో ఆ పరిశోధన జరిగిన మాట నిజం. అది మూసిన చిన్న పెట్టెల్లో చేసినది. అటువంటి పరిశోధనలన్నిటినీ 2019లో తిరిగి లెక్కగట్టారు. తలుపులు, కిటికీలతో మామూలుగా జరిగే గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. గాలి కోసం కిటికీ తెరవండి. మొక్క కోసమే మొక్కను పెంచండి.

"తెల్లటి దూదిలాంటిది పట్టింది." అది పిండినల్లి. ముందు ఆ కుండీని విడిగా పెట్టండి. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క మచ్చా తుడవండి. తరువాత లీటరు నీళ్లకు చెంచాడు వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లండి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. కొత్త మొక్కను పాతవాటితో కలిపేముందు రెండు వారాలు దూరంగా ఉంచడం నేర్చుకుంటే ఈ బాధే ఉండదు.

"బియ్యం కడిగిన నీళ్లు, వాడిన టీ పొడి వేయవచ్చా?" ఆరోగ్యంగా ఉన్న మొక్కకు అప్పుడప్పుడూ కొద్దిగా పరవాలేదు. వాడిపోతున్న మొక్కకు ఏ ఎరువూ వద్దు. జ్వరం పడ్డవారికి విందు భోజనం పెట్టం కదా.

"పది రోజులు ఊరికి వెళ్లాలి." దీపపు ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్టే కుండీకీ చేయవచ్చు. లావుపాటి నూలు తాడు తడిపి, ఒక కొస మట్టిలో నాలుగంగుళాలు గుచ్చి, రెండో కొస నీళ్ల బకెట్టులో వేయండి. కుండీలన్నీ నీడకు చేర్చండి. వెళ్లే ముందు రెండు రోజులు ఇంట్లో ఉండగానే పరీక్షించి చూసుకోండి.

ఇదిగో, పెద్దామె అడుగుతున్నారు, ఈ కుళ్లిన మనీప్లాంటును పారేయాలా అని. వద్దమ్మా. మనీప్లాంటు పసిఫిక్ సముద్రంలో మూరియా అనే దీవి మొక్క. అది దాదాపు పువ్వే పూయదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును తయారుచేసే జన్యువు దానిలో సరిగా పనిచేయదని 2016లో కనుక్కున్నారు. పువ్వు లేదు, విత్తనం లేదు. మన ఇళ్లలో ఉన్నవన్నీ కొమ్మ నుంచి కొమ్మగా, చేతి నుంచి చేతికి వచ్చినవే. వేరు పోయినా కణుపు బతికి ఉంటే చాలు. ఇదిగో, ఈ కణుపు దగ్గర చిన్న గోధుమరంగు బొడిపె కనిపిస్తోందా? వేరు అక్కడి నుంచే వస్తుంది. దానికి అంగుళం కింద ఏటవాలుగా కోస్తున్నాను. ఒక ఆకు ఉంచి, మిగతావి తీసేస్తున్నాను. ఈ సీసాలో కణుపు మునిగేలా పెట్టి, మీ వంటింటి కిటికీ దగ్గర ఉంచండి. నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేరు కనిపిస్తుంది. కనిపించగానే నాకు చెప్పండి, నేనే వచ్చి చూస్తాను.

సరే, ఇక మీరు తెచ్చినవి చూద్దాం. వరండాలో నీళ్ల బకెట్టు, పాత వార్తాపత్రికలు సిద్ధంగా ఉన్నాయి. ముందు ఆ మూడో వరుసలో అమ్మాయి ఒళ్లో ఉన్న ఫెర్న్ ఇలా తీసుకురా తల్లీ. ఆకుల సంగతి తరువాత, బోర్లించి వేళ్లు చూద్దాం.